బింజ్ ఈటింగ్ నుంచి కోలుకుంటున్నప్పుడు చిన్న గెలుపులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలన్నీ నన్ను ఎవరో ఒకరు అడిగినవే. కొన్ని ఫోన్‌లో, కొన్ని అర్ధరాత్రి మెసేజ్‌లలో, ఒకటి పెళ్ళి పందిట్లో చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళి మరీ. నేను డాక్టర్ని కాను. ఏడేళ్ళు ఈ జబ్బుతో ఉండి, నాలుగేళ్ళుగా కోలుకుంటున్న మనిషిని. చికిత్స గురించి ఇక్కడ రాసినవి నా కౌన్సెలర్ దగ్గర నేర్చుకుని, తర్వాత చదివి సరిచూసుకున్నవి. మిగతావి మా వంటింట్లో జరిగినవి.

బింజ్ ఈటింగ్ అంటే ఎక్కువ తినడమేనా? పెళ్ళి భోజనంలో అందరం ఎక్కువే తింటాం కదా?

పెళ్ళిలో ఇంకో బొబ్బట్టు వేయించుకుని, ఇంటికొచ్చి సోడా తాగి నడుం వాల్చడం జబ్బు కాదు. అక్కడ మీరు ఇష్టపడి తిన్నారు, నలుగురిలో కూర్చుని తిన్నారు, చాలనుకున్నప్పుడు ఆకు మడిచారు. బింజ్‌లో ఆ ఆకు మడవడమే చేతకాదు. ఆకలి లేకపోయినా, రుచి తెలియకపోయినా, గబగబా, పొట్ట నొప్పి పుట్టేదాకా తింటాం. చాలాసార్లు ఎవరికీ కనబడకుండా తింటాం. అయ్యాక సిగ్గు, మన మీద మనకే అసహ్యం.

అమెరికా సైకియాట్రిస్టు ఆల్బర్ట్ స్టంకార్డ్ 1959లోనే ఈ తిండి తీరు గురించి రాశారు. అయినా దీన్ని విడి జబ్బుగా గుర్తించడానికి 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక జబ్బుల్ని గుర్తించడానికి అమెరికా సైకియాట్రిస్టుల సంఘం వేసే పుస్తకం) దాకా, అంటే యాభై ఏళ్ళకు పైగా పట్టింది. సగటున వారానికి ఒకసారైనా, మూడు నెలల పాటు, అదుపు తప్పి ఇలా జరుగుతుంటే డాక్టర్లు బింజ్ ఈటింగ్ డిజార్డర్ అవునో కాదో చూస్తారు. పేరు పెడితే ఏం ఒరుగుతుందని కొందరు అడుగుతారు. నాకైతే చాలా ఒరిగింది. అప్పటిదాకా నన్ను నేను పిలుచుకున్న పేరు "కక్కుర్తిది". ఆ పేరుకు వైద్యం లేదు. జబ్బుకు ఉంది.

మరి చిన్న గెలుపు అంటే ఏది? బింజ్ చేయకపోవడమేనా?

నా మొదటి గెలుపు బింజ్ చేసిన రాత్రే దొరికింది.

సంక్రాంతి అయిన వారం అది. పదిన్నర దాటింది, ఇంట్లో అందరూ పడుకున్నారు. అమ్మ పంపిన అరిసెలు స్టీలు డబ్బాలో ఉన్నాయి. ఆ డబ్బా మూత గట్టిగా పట్టేసి ఉంటుంది, లాగితే ఠంగుమంటుంది. చప్పుడు కాకుండా తీయడం నాకు బాగా వచ్చు. డబ్బాని పొట్టకు ఆనించుకుని, చున్నీ మూత మీద కప్పి, బొటనవేళ్ళతో అంచుని చుట్టూ కొద్దికొద్దిగా పైకి నెట్టాలి. లైటు వేసేదాన్ని కాదు. ఫ్రిజ్ తలుపు ఓరగా తీసి ఉంచితే వచ్చే వెలుతురు చాలు. ఆ రాత్రి ఎందుకో లైటు వేశాను. ప్లేటు తీసుకున్నాను. రెండు అరిసెలు అందులో పెట్టుకుని కుర్చీలో కూర్చుని తిన్నాను. నువ్వులు పంటికింద తగలడం తెలిసింది. తర్వాత లేచి వెళ్ళి, నిలబడే ఇంకో ఆరు తినేశాను.

ఆ వారం కౌన్సెలర్ మేడంకి ఏడుస్తూ చెప్పాను. ఆవిడ ఆ ఆరింటి గురించి అడగలేదు. "లైటు ఎందుకు వేశావమ్మా?" అన్నారు. ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ అలాంటి ప్రశ్న అడగలేదు.

బింజ్ ఒక్కసారిగా ఆకాశం నుంచి ఊడిపడదు. దానికో వరస ఉంటుంది. పొద్దున టిఫిన్ మానేస్తాం. మధ్యాహ్నం సగం తింటాం. సాయంత్రానికి ఒంట్లో నీరసం, ఆఫీసు టెన్షన్. ఇంటికి వచ్చే దారిలోనే ఏం తినాలో మనసు లెక్క వేస్తుంది. ఇంట్లో అందరూ పడుకునేదాకా ఆగుతాం. చీకట్లో గబగబా తింటాం. తర్వాత సిగ్గు, రేపటి నుంచి నోరు కట్టేసుకోవాలన్న ఒట్టు. ఆ ఒట్టుతో మళ్ళీ పొద్దున టిఫిన్ మానేస్తాం. ఈ గొలుసులో ఏ లంకె సడలినా అది గెలుపే. లైటు వేయడం, కూర్చోవడం, మధ్యలో ఒక్కసారి మంచినీళ్ళు తాగడం, ఖాళీ ప్యాకెట్లను చెత్తబుట్ట అడుక్కి నొక్కకుండా పైనే వేయడం, "నాకు ఇలా జరుగుతోంది" అని ఒక మనిషితో చెప్పడం. ఇవన్నీ లెక్కలోకి వస్తాయి.

వీటన్నిటిలో పెద్దది ఏదని అడిగితే మాత్రం నేను తడుముకోను. బింజ్ అయ్యాక వచ్చే పూట వేళకు మామూలుగా తినడం.

రాత్రి అంత తిన్నాక పొద్దున మళ్ళీ తినడమా? ఒక పూట మానేస్తే సరిపోతుంది కదా?

అందరూ అడిగేది ఇదే. అందరం చేసే తప్పూ ఇదే. లంఖణం పరమౌషధం అని మా అమ్మమ్మ కూడా అనేది. అది జ్వరానికీ అజీర్తికీ పుట్టిన మాట. దాన్ని తెచ్చి ఈ జబ్బుకు వాడితే, వాడిన ప్రతిసారీ జబ్బు ముదురుతుంది.

ఎందుకో చెప్పడానికి పాత ప్రయోగం ఒకటి ఉంది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944–45లో, అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాల పాటు తిండిని దాదాపు సగానికి తగ్గించారు. వాళ్ళంతా తమంతట తాము ముందుకొచ్చినవాళ్ళే. కొద్దివారాల్లోనే వాళ్ళకు తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. కొందరు వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు. ప్రయోగం అయిపోయి మళ్ళీ తిండి పెట్టినప్పుడు, కొందరు పొట్ట పట్టనంత తిన్నా ఇంకా ఆకలిగానే ఉందన్నారు. అంతకుముందు వాళ్ళెవరికీ తిండితో పేచీ లేదు. కడుపు మాడ్చడమే ఆ పేచీ తెచ్చింది.

అందుకే ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన సైకియాట్రిస్టు క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ తీర్చిదిద్దిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీలో (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్సలో) మొదట్లోనే వేళకు తినడం నేర్పుతారు. రోజుకు మూడు పూటల భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి. మెలకువగా ఉన్నంతసేపూ నాలుగు గంటలకు మించి ఖాళీ కడుపుతో ఉండకుండా చూసుకోవాలి. నాకు అది ఇలా కుదిరింది: ఎనిమిదికి ఇడ్లీయో ఉప్మానో, పదకొండుకి అరటిపండు, ఒంటిగంటన్నరకి అన్నం, ఐదుకి టీతో పాటు గుగ్గిళ్ళు, ఎనిమిదిన్నరకి భోజనం. ఆకలి వేసిందా లేదా అని మొదట్లో చూడొద్దన్నారు. ఏళ్ళ తరబడి బింజ్ చేసిన ఒంటికి ఆకలి కబురు సరిగా అందదు. గడియారాన్నే నమ్ముకోమన్నారు.

రాత్రి అరిసెలు తిన్న పొద్దున ఎనిమిదికి ఇడ్లీ ముందు కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. గొంతు దిగదు. రెండే తినండి. కానీ తినండి.

వారానికి ఐదుసార్లు అయ్యేది ఇప్పుడు మూడుసార్లు అవుతోంది. మూడుసార్లు చేస్తూ గెలిచానని ఎలా అనుకోను?

డాక్టర్లే అనుకుంటున్నారు. డీఎస్ఎం-5లో ఈ జబ్బు తీవ్రతను కొలిచేది వారానికి ఎన్నిసార్లు అన్నదాన్ని బట్టే. 1 నుంచి 3 అయితే తక్కువ, 4 నుంచి 7 అయితే మధ్యస్థం, 8 నుంచి 13 అయితే తీవ్రం, 14 గానీ అంతకు మించి గానీ అయితే అతి తీవ్రం. ఐదు నుంచి మూడుకు వచ్చారంటే, వాళ్ళ కొలబద్ద మీదే ఒక మెట్టు దిగారు.

ఇంకో లెక్క కూడా చూసుకోండి, దీన్ని ఎవరూ చూడరు. బింజ్ అయ్యాక మామూలు మనిషి కావడానికి మీకు ఎంతసేపు పడుతోంది? నేను మొదట్లో రెండు రోజులు ఎవరి ఫోనూ ఎత్తేదాన్ని కాదు. తర్వాత అది ఒక రోజైంది. ఒకసారి రాత్రి బింజ్ అయిన మర్నాడు పొద్దున తలదువ్వుకుని, టిఫిన్ తిని, ఆఫీసుకి వెళ్ళి, మధ్యాహ్నం పక్క సీటు ఆవిడతో చీరల గురించి మాట్లాడాను. మాట్లాడుతుండగా గుర్తొచ్చింది, రాత్రి బింజ్ అయిందని. అంటే పొద్దుట్నుంచి దాన్ని మరిచిపోయి ఉన్నాను. ఆ మరుపు ఎంత పెద్ద గెలుపో, ఈ జబ్బు లేనివాళ్ళకి చెప్పినా అర్థం కాదు.

ఇన్ని గెలుపులు అంటున్నారు, బరువు మాత్రం తగ్గలేదు.

తగ్గకపోవచ్చు. బింజ్‌లు తగ్గిన తొలి నెలల్లో బరువు కదలకుండా ఉండటం చాలామందికి జరిగేదే. ఈ చికిత్స మొదటి పని బింజ్‌లను ఆపడం. బరువు తగ్గించడం దాని పని కాదు. ఈ రెంటినీ ఒకేసారి ఎత్తుకుంటే, బరువు కోసం పూట మానేస్తాం, మానేసిన పూట మళ్ళీ బింజ్‌లోకి తోస్తుంది.

ఒక పెద్ద డాక్టరు నన్ను ఐదు నిమిషాలు కూడా చూడకుండా "కాస్త నోరు కట్టుకోండమ్మా" అని పంపించేశారు. ఆ మాట పట్టుకుని తొమ్మిది రోజులు కట్టుకున్నాను. పదో రోజు ఏమైందో రాయను. వెయింగ్ మెషీన్ విషయంలో నా కౌన్సెలర్ పెట్టిన షరతు ఒక్కటే: వారానికి ఒక్కసారి, అదే రోజు, అదే వేళ. మిగతా ఆరు రోజులు అది అటక మీద ఉండేది. స్టూలు వేసుకుని ఎక్కి తీయాలి కాబట్టి ఊరికే తీయబుద్ధి కాలేదు.

తినాలన్న కోరిక వచ్చినప్పుడు పది నిమిషాలు ఆగాను. పదకొండో నిమిషంలో తినేశాను. ఆగి ఏం లాభం?

పది నిమిషాలు ఆగగలరని తెలిసింది. నిన్నటిదాకా మీకది తెలియదు.

అలన్ మార్లాట్ అనే అమెరికన్ సైకాలజిస్టు మద్యం, సిగరెట్ మానేవాళ్ళతో పనిచేస్తూ ఒక పద్ధతి చెప్పారు. కోరిక అల లాంటిది, లేస్తుంది, ఎత్తుకు వెళ్తుంది, మనం దానికి తిండి పెట్టకపోయినా దానంతటదే విరుగుతుంది. మాది బాపట్ల వైపు. సూర్యలంక బీచ్‌లో మా బాబాయి మాకు నేర్పింది కూడా ఇదే. అల వచ్చినప్పుడు బిగదీసుకుని నిలబడితే పడేస్తుంది. కాళ్ళు తేలిక చేసి దాంతో పాటు లేస్తే కిందనుంచి వెళ్ళిపోతుంది. "తినకూడదు, తినకూడదు" అని పళ్ళు బిగబట్టడం మొదటి రకం. "ఇదిగో, కోరిక వచ్చింది, ఛాతీలో గాభరాగా ఉంది, నోట్లో నీళ్ళు ఊరుతున్నాయి" అని దాన్ని చూస్తూ ఉండటం రెండో రకం.

చూస్తూ కూర్చోవడం ఒంటరిగా కష్టం, చేతులకు పని ఉండాలి. నేను దండెం మీది బట్టలు తెచ్చి మడతపెట్టేదాన్ని. మడతలు అయ్యేసరికి కొన్నిసార్లు అల విరిగేది, కొన్నిసార్లు విరిగేది కాదు. విరగని రోజున కూడా ఎన్ని నిమిషాలు ఆగానో రాసుకున్నాను.

ఇవన్నీ రాసుకోవాలా? ఎలా రాయాలి?

రాయాలి. ఈ జబ్బు ఓటమిని దానంతటదే గుర్తుపెట్టుకుంటుంది. గెలుపుని మనమే రాసిపెట్టాలి.

థెరపీలో రాయమనేది ఒక చిన్న పట్టిక. ఏ వేళకు, ఎక్కడ, ఏం తిన్నారు, అదుపు తప్పినట్టు అనిపించిందా, అప్పుడు మనసులో ఏముంది. తిన్న వెంటనే రాయాలి. రాత్రికి దాచుకుంటే సిగ్గు వచ్చి కలం లాక్కుంటుంది. క్యాలరీలు రాయొద్దు.

నాకు పుస్తకం దాచుకునే చోటు లేదు. ఉమ్మడి కుటుంబం, సొరుగులన్నీ అందరివీ. మా వంటింటి గోడ మీద క్యాలెండర్ ఉంటుంది, పాల లెక్క దాని మీదే. ఎక్కువ పోయించుకున్న రోజు గడిలో 1 అని వేస్తాం, పాలు రాని రోజు అడ్డగీత. ఆ గళ్ళలోనే కింది మూల పెన్సిల్‌తో చుక్కలు పెట్టడం మొదలుపెట్టాను. వేళకు తిన్న ప్రతి పూటకూ ఒక చుక్క. బింజ్ అయిన రోజుకు గుర్తేమీ పెట్టలేదు. నెలాఖరున పాలవాడికి లెక్క చూస్తూ మా అత్తగారు "ఈ చుక్కలేంటే?" అన్నారు. "నా లెక్క అత్తయ్యా" అన్నాను. ఆవిడ ఇంకేం అడగలేదు. మర్నెల క్యాలెండర్ కాగితం తిప్పేటప్పుడు పెన్సిల్ తెచ్చి మేకుకి దారంతో కట్టి వేలాడదీశారు. ఆవిడకు ఎంత అర్థమైందో ఇప్పటికీ నాకు తెలియదు.

రాత్రి పడుకునే ముందు ఒక వాక్యం రాయగలిగితే ఇంకా మంచిది. అందులో వేళా, వస్తువూ ఉండాలి. "ఇవాళ బాగున్నాను" అని రాస్తే మర్నాటికి అందులో ఏమీ మిగలదు. "ఐదుకి గుగ్గిళ్ళు తిన్నాను, ఇంటికొచ్చేటప్పుడు బేకరీ ముందు బండి ఆపలేదు" అని రాస్తే, చెడ్డ రోజున అది తీసి చదువుకోవచ్చు.

మూడు వారాలు బాగున్నాను. నిన్న పడిపోయాను. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాలా?

వద్దు. మీ ఫోన్‌లో రోజులు లెక్కపెట్టి, ఒక రోజు తప్పితే సున్నా చేసే యాప్ ఏదైనా ఉంటే తీసేయండి. ఇరవై ఒక్క రోజులు వేళకు తిన్న ఒళ్ళు అది. నిన్నటి రాత్రి ఆ ఇరవై ఒక్క రోజుల్నీ కడుపులోంచి తీసుకుపోలేదు.

ఇందాక చెప్పిన మార్లాట్ దీని గురించే ఇంకో మాట చెప్పారు. ఒకసారి జారడం వేరు, పూర్తిగా వెనక్కి పోవడం వేరు. మొదటిదాన్ని రెండోదిగా మార్చేది "ఎలాగూ అయిపోయింది, ఇక ఎంతైతేనేం" అన్న ఆలోచన. ఆ ఆలోచన నాకు అక్షరం అక్షరం తెలుసు. ఒక బిస్కెట్ నుంచి మొత్తం ప్యాకెట్‌కి, ఆ రాత్రి నుంచి ఆ వారం మొత్తానికి నన్ను ఈడ్చుకెళ్ళింది అదే. నిన్న పడిపోయారా? ఇవాళ ఎనిమిదికి టిఫిన్ ఉంది. మీ పని అంతవరకే.

వీలైతే రెండు రోజులు గడిచాక, మనసు నెమ్మదించాక, ఆ రోజు వరస ఒకసారి వెనక్కి చూసుకోండి. నావి చూస్తే చాలాసార్లు ఒకటే కనబడేది: మధ్యాహ్నం మీటింగ్ పొడుగై అన్నం మూడున్నరకి తిన్న రోజు.

పండుగలు, పెళ్ళిళ్ళు, ఉపవాసాలు ఎలా?

ముందు ఉపవాసాల సంగతి. కార్తీక సోమవారాలు, ఏకాదశి, రోజా, ఏదైనా సరే, కోలుకుంటున్న తొలి నెలల్లో పూర్తి ఉపవాసం వద్దు. పగలంతా ఖాళీ కడుపు, రాత్రికి ఒక్కసారి తిండి అన్నది సరిగ్గా బింజ్ నడిచే దారి. పిల్లలకు, గర్భిణులకు, రోగులకు పెద్దలు ఎప్పుడూ మినహాయింపు ఇచ్చారు. మీది కూడా రోగమే. దీపం పెట్టండి, గుడికి వెళ్ళండి, వేళకు తినండి. నేను మూడు కార్తీకాలు అలాగే చేశాను.

కొసరి వడ్డించేవాళ్ళతో ఇంకో తిప్పలు. "నా మీద ఒట్టు, ఇంకో గారె" అంటారు. ప్రేమతోనే అంటారు. "చాలు పిన్నీ, చాలా బాగుంది, కాసేపాగి తింటాను" అని ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టడం నాకు ఒక ఏడాది పట్టింది. మొదటిసారి చెయ్యి అడ్డం పెట్టిన రోజు గడిలో చుక్క పక్కన చిన్న నక్షత్రం వేసుకున్నాను.

అన్నం పరబ్రహ్మ స్వరూపం, పారేయకూడదు అని పెరిగినవాళ్ళం. కడుపు నిండాక కంచంలో వదిలేయమంటే చేతులు రావు. అలాంటప్పుడు మొదటే తక్కువ పెట్టుకుని మారు వడ్డించుకోండి. రెండోసారి వడ్డించుకోవడం తప్పు కాదు. మొదటి వడ్డనకీ రెండో వడ్డనకీ మధ్య గంటె చేతిలో పట్టుకుని ఆగే ఆ ఒక్క క్షణంలో, ఇంకా ఆకలి ఉందా అని అడిగే చోటు దొరుకుతుంది.

అర్ధరాత్రి ఫుడ్ యాప్‌లో ఆర్డర్ పెట్టేస్తుంటాను.

యాప్‌లో సేవ్ అయి ఉన్న కార్డు వివరాలు తీసేయండి. ప్రతిసారీ నంబరు టైపు చేయాల్సి వస్తే, ఆ నిమిషంన్నరలో కొన్ని ఆర్డర్లు ఆగిపోతాయి. ఆగని ఆర్డర్‌ని ప్లేటులో వడ్డించుకుని తినండి, డబ్బాలో తినొద్దు.

గెలిచినందుకు నాకు నేను ఏమైనా ఇచ్చుకోవచ్చా?

తప్పకుండా. తిండిని మాత్రం బహుమతిగానూ శిక్షగానూ వాడొద్దు. నేను పది చుక్కలకు ఒక మూర మల్లెపూలు కొనుక్కున్నాను. వేసవి కాని రోజుల్లో గంటసేపు దాబా మీద ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. ఉమ్మడి కుటుంబంలో అది మల్లెపూల కంటే ఖరీదైనది.

ఇంట్లో చెబితే "వేళకు అన్నం తినడం కూడా ఓ గొప్పేనా?" అంటున్నారు.

నొప్పి పుడుతుంది ఆ మాట వింటే. వాళ్ళకు అది గొప్ప కాదు, నిజమే. కాలు విరిగి కట్టు విప్పిన మనిషి నాలుగు అడుగులు వేస్తే ఇంట్లో అందరూ సంతోషిస్తారు, ఎందుకంటే ఆ కట్టు వాళ్ళకు కనబడింది. మన కట్టు ఎవరికీ కనబడలేదు, మనమే దాచాం. అందుకని గెలుపు ముందు చెప్పకండి. ముందు జబ్బు చెప్పండి, అదీ ఒక్కరికే, వినే మనిషికి. నేను మా వదినకి చెప్పాను. ఆవిడ సలహా ఏమీ ఇవ్వలేదు, "ఎప్పట్నుంచి?" అని మాత్రం అడిగింది. అందరికీ అర్థం కానక్కర్లేదు. ఒక్కరు చాలు.

మా అమ్మాయికి ఇలా ఉందని అనుమానం. నేనేం చేయాలి?

డబ్బాలకు తాళం వేయకండి. తిన్నది లెక్కపెట్టకండి. లావు, సన్నం అనే మాటలు, మంచిగా అన్నా చెడుగా అన్నా, ఇంట్లో కొన్నాళ్ళు మానేయండి. "సన్నబడ్డావే" అన్న మెప్పు కూడా ఆ పిల్లని పూట మానేసేలా చేస్తుంది. వేళకు వండి, వీలైతే పక్కన కూర్చుని మీరూ తినండి. తిండి గురించి కాకుండా కాలేజీ గురించి మాట్లాడండి. ఏదో ఒక రోజు తనే నోరు విప్పితే, "ఎందుకిలా చేశావు" అనొద్దు. "చెప్పావు, మంచి పని చేశావు తల్లీ" అనండి. చెప్పడమే తనకు ఆ రోజు గెలుపు.

ఇది ఆడవాళ్ళ జబ్బా?

కాదు. మగవాళ్ళకూ వస్తుంది. బాగా తెలిసిన తిండి జబ్బుల్లో మగవాళ్ళ వాటా బాగా కనబడేది దీనిలోనే. హాస్టల్లో ఉండే కుర్రాడు రాత్రి రెండు ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీలు తింటే స్నేహితులు చప్పట్లు కొడతారు, అతను తర్వాత బాత్రూమ్‌లో ఏడుస్తాడని వాళ్ళకు తెలియదు. నాకు మెసేజ్ పెట్టినవాళ్ళలో అలాంటి తమ్ముళ్ళు ఉన్నారు. ఇక్కడ రాసినదంతా మీకు కూడా.

నాకు షుగర్ ఉంది. ఈ వేళల పద్ధతి పాటించవచ్చా?

మందులు, ఇన్సులిన్ వాడుతుంటే మీ డాక్టర్‌తో మాట్లాడకుండా తిండి వేళలు మార్చొద్దు. ఆయనకు బింజ్ సంగతి కూడా చెప్పండి. చెప్పకపోతే, రీడింగ్ పెరిగిందని మందు పెంచుతారు. పెంచిన మందు మీద మీరు పూట మానేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాక్టర్‌కి చెప్పిన రోజును మీ క్యాలెండర్‌లో పెద్ద చుక్కగానే పెట్టుకోండి.

చిన్న గెలుపులతో నెట్టుకురావచ్చా, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలా?

వెళ్ళండి. ఈ పేజీ చికిత్సకు తోడు మాత్రమే. తిన్నాక వాంతి చేసుకుంటున్నా, విరేచనాల మందులు మింగుతున్నా అది వేరే జబ్బు, గుండెకు కూడా ముప్పు తెస్తుంది, ఆలస్యం చేయొద్దు. బతకాలని లేదన్న ఆలోచన వస్తుంటే ఇవాళే ఎవరికైనా చెప్పండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. బెంగళూరులోని కేంద్ర ప్రభుత్వ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కి మనవాళ్ళు చాలామంది వెళ్తారు. ఎర్రగడ్డ పేరు చెబితే నవ్వే రోజులు పోలేదు, నాకు తెలుసు. అయినా వెళ్ళి ఓపీ చీటీ తీసుకోండి. ఆ వరసలో నిలబడ్డ గంట మీ గెలుపుల్లోకే వస్తుంది.

ఎన్నాళ్ళు ఇలా చుక్కలు పెట్టుకోవాలి?

నేను రెండేళ్ళ పైనే పెట్టాను. మొదటి నెల మొత్తం కలిపి పదకొండు చుక్కలు. ఆరో నెలకు గళ్ళు దాదాపు నిండాయి. మధ్యలో మామయ్యగారి ఆపరేషన్ అప్పుడు మళ్ళీ పలచబడ్డాయి, మళ్ళీ నిండాయి. మానేయాలని ఏ రోజూ అనుకోలేదు. కిందటేడు శ్రావణంలో పాలవాడు లెక్కకు వచ్చినప్పుడు క్యాలెండర్ తీసి చూస్తే, పన్నెండో తారీఖు తర్వాత గళ్ళలో పాల అంకెలు తప్ప ఏమీ లేవు. ఆ రోజుల్లో తినలేదా అంటే తిన్నాను, అన్ని పూటలా, వేళకే. చుక్క పెట్టడం మరిచిపోయాను. పెన్సిల్ మాత్రం ఇంకా ఆ మేకుకే వేలాడుతోంది.